రెండు క్యాలెండర్ల ఇల్లు

మా ఆయన బెన్హర్‌కు జోకు చెప్పడం రాదు. ఇంకే లోపమైనా సర్దుకోవచ్చు. గురక పెడతాడు, తడి తువ్వాలు మంచం మీద పారేస్తాడు, ఒంటినిండా రొయ్యల మేత వాసనతో ఇంటికొచ్చి ముందుగా నన్నే పలకరిస్తాడు. అవన్నీ సర్దుకున్నాను. కానీ చివర్న చెప్పాల్సిన మాట మొదటే చెప్పేసే మనిషితో ఒక ఆడది ఎన్నాళ్ళని కాపురం చేస్తుంది? "ఆ గేదె నిజానికి పాస్టరయ్యది" అని మొదలుపెడతాడు. ఏ గేదె, ఎక్కడి గేదె అని మనం తెల్లమొహం వేశాక, "ఒక ఊళ్ళో ఒక గేదె ఉండె" అంటాడు. నవ్వాల్సిన చోటు దాటిపోయి ఉంటుంది. మనమే వెనక్కి నడిచి వెళ్ళి, నవ్వి రావాలి.

అలాంటి మనిషికి విడవలూరు సెంటర్లో హాస్యం తెలిసినవాడని పేరు. రొయ్యల మేత, మందులు అమ్మే కొట్టు మాది. రొయ్యల గుంటల రైతులు సరుకు బండికెత్తుకున్నాక కూడా కదలకుండా మా కొట్టు బల్ల మీదే కూర్చుంటారని వినేదాన్ని. వాళ్ళనలా కూర్చోబెట్టే సరుకు ఎక్కడి నుంచి సరఫరా అవుతోందో నాకు చాలాకాలం తెలియలేదు.

ఒకరోజు పొద్దున పెరట్లో కూర్చుని వంజరం చేప ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి కడుగుతున్నాను. మా వరండాలో ఉంచిన మందు డబ్బా తీసుకుపోదామని హజరత్తయ్య వచ్చాడు. పాత ఖాతా, రెండు రొయ్యల గుంటలున్న రైతు. మజ్జిగ ఇస్తే తాగి, మీసం తుడుచుకుని, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు.

"నీ మొగుడు భలేటోడమ్మా రేవతమ్మా. నిన్న ఏమన్నాడో తెల్సునా? 'మా ఇంట్లో రెండు క్యాలెండర్లు, అందుకని పండగలు రెట్టింపు' అంట! నవ్వలేక సచ్చినాం."

"ఆ తర్వాత?" అన్నాను.

"తర్వాతేముంది, అంతే గదా."

అంతే కాదు. ఆ మాటకు తర్వాత ఉంది. ఎందుకంటే ఆ మాట నాది.

ప్రతి జనవరికీ మా హాల్లో రెండు క్యాలెండర్లు ఎక్కుతాయి. నెలకో బైబిలు వాక్యంతో చర్చివాళ్ళు ఇచ్చేది ఒకటి, దొరవారిసత్రం నుంచి మా నాన్న పంపే తిథులది ఒకటి. నేనూ బెన్హరూ గూడూరులో డిగ్రీ చదువుతూ ఇష్టపడి, రిజిస్ట్రారు ముందు సంతకాలు పెట్టి పెళ్ళి చేసుకున్నాం. నేను మతం మారలేదు. ఆయన మారమనలేదు. మా అత్తగారు రెబెక్కమ్మ మాత్రం ఆశ వదులుకోలేదు. కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తూనే నా బొట్టు సైజు కొలవగల మనిషి ఆమె. కాపురానికొచ్చిన కొత్తలో ఈ సంగతి ఆమె మొహం మీదే అనేశాను. ఆమెన్ చెప్పాల్సిన చోట ఫక్కుమని నవ్వేశారు. మా స్నేహం ఆ రోజు మొదలైంది. ఇక ఈ జనవరిలో స్టూలెక్కి మేకులు కొడుతూ నేనన్నది ఇది: "మనది రెండు క్యాలెండర్ల ఇల్లు అత్తమ్మా, పండగలు రెట్టింపు. చేసుకునేది అందరం, చేసేది నేనొక్కదాన్నే."

హజరత్తయ్య వెళ్ళిపోయాక కూడా నేను ఆ ముక్కల్నే కడుగుతూ కూర్చున్నాను. కోపం రాలేదు. ఒక రకంగా ముచ్చటేసింది కూడా. అవతలి వీధి దాటి ఎరగని నా మాట సెంటర్‌దాకా వెళ్ళొచ్చిందని. కానీ ఒకటి గుచ్చుకుంది. ఇంట్లో నేను చేసేదేదీ సాయంత్రానికి మిగలదు. అన్నం తినేస్తారు. ఉతికిన చొక్కా మాసిపోతుంది. ఊడ్చిన వాకిట్లో నా వెనకే కొబ్బరాకు రాలుతుంది. మర్నాటికి మిగిలేవి రెండే, చేపల పులుసూ నా నోటి మాటా. పులుసు నాదేనని ఊరందరికీ తెలుసు. మాట సంగతి ఎవరికీ తెలియదు. పైగా ఆయన దాన్ని సగానికి కోసి, తలకాయ పట్టుకెళ్ళి తోక నాకే వదిలేశాడు. మతిమరుపేమోలే అనుకున్నాను. ఆ మతిమరుపుకు ఎంత తెలివి ఉందో తర్వాత అర్థమైంది. ఆయన మీదికొచ్చే సగాన్నే అది మరిచిపోతుంది.

మా మరిది ఫ్రెడ్డీ హైదరాబాదులో టీవీ సీరియళ్ళకు మాటలు రాస్తాడు. చాలా ఏళ్ళు ఇంకొకరి కింద రాసి రాసి, ఈ వేసవిలో సొంతంగా ఒక హాస్య సీరియల్ సంపాదించుకున్నాడు. క్రైస్తవ అత్తగారు, హిందూ కోడలు, మేడ మీద అద్దెకుండే తమిళ దంపతులు, కింద వాటాలో సాయిబుగారి టైలరు దుకాణం. అందరూ ఒకే ఇంట్లో. పేరు "రెండు క్యాలెండర్ల ఇల్లు". ఆ పేరు వాడికెక్కడిదని నేను అడగలేదు. రోజూ సాయంత్రం అన్నకు ఫోన్ చేసి ఇంటి విశేషాలు అడుగుతున్నాడని మాత్రం తెలిసింది. మా ఆయన కొట్టులోంచి నా మాటలు మేత బస్తాల్లా ఎగుమతి చేస్తున్నాడు.

సీరియల్ రోజూ రాత్రి ఎనిమిదింటికి. మా ఇంట్లో కుటుంబ ప్రార్థన కూడా ఎనిమిదింటికే. నా పెళ్ళప్పుడు మారని ఆ వేళ, తుపాను రాత్రి దీపం లేకపోయినా మారని ఆ వేళ, ఫ్రెడ్డీ సీరియల్ కోసం ఏడున్నరకు జరిగింది. "ప్రభువుకు అన్ని వేళలూ ఒకటే" అన్నారు మా అత్తగారు. వంటకు మాత్రం ఒకటి కాదు. అరగంట ముందు నేను పొయ్యి వెలిగించాల్సి వచ్చింది.

మొదటిరోజు అందరం టీవీ ముందు బారులు తీరాం. కథలో కోడలు పాలు పొంగించడంతో మొదలుపెట్టింది. పాలు పొంగించడం, "అయ్యో ఏమండీ!" అనడం తప్ప ఆ పిల్లకు ఇంకో పని లేదు. ఆమె మొగుడు మాత్రం ఒట్టి మాటల పుట్ట. నోరు తెరిస్తే నేను. దోసె తిప్పుతూ నేనన్నది వాడు పేపరు చదువుతూ అంటున్నాడు. బట్టలు ఆరేస్తూ నేనన్నది కుర్చీలో కాళ్ళు చాపుకుని అంటున్నాడు. వెనకాల జనం విరగబడి నవ్విన చప్పుడు.

రెండోవారంలో చేపల పులుసు వచ్చింది. ఒకప్పుడు నేనన్న మాట ఇది: "మా ఆయన ప్రేమ, చేపల పులుసు, రెండూ చేసిన రోజు రుచి తెలియదు, మర్నాటికి గానీ ఊరవు. పులుసుకైతే మర్నాడనేది ఒకటి ఉంటుంది." టీవీలో మొగుడు చెయ్యి కడుక్కుంటూ అన్నాడు, "మా ఆవిడ కోపం, చేపల పులుసు, రెండూ మర్నాటికే పదును!" మళ్ళీ నవ్వుల వాన.

మా అత్తగారు మండిపడ్డారు. ఆ మాటకు కాదు. "పొయ్యి మీంచి దించిన పులుసును పొగలు కక్కతా ఉండంగానే వడ్డిస్తా ఉంది చూడు! ఈళ్ళు నెల్లూరోళ్ళేనా? పొద్దున చేసింది పొద్దునే తింటారా యాడన్నా?"

సీరియల్ చివర్న పేర్లు పైకి పాకుతాయి. అందులో "కృతజ్ఞతలు: బెన్హర్, విడవలూరు" అని వస్తుంది. ఆ పేరు రాగానే అత్తగారు టీవీకి చెయ్యి ఊపేవారు. "అంతా వాళ్ళ నాయన నోరే వచ్చిందమ్మా నా కొడుక్కి" అని మురిసిపోయేవారు. ఆ పులుసు రోజున మా అమ్మాయి షారన్ ఊరుకోలేదు. ఇంటర్ చదువుతోంది, న్యాయం ఎక్కువ.

"నాన్నా, అది అమ్మ అన్నది గదా! నేను ఈడనే ఉన్నా అప్పుడు."

మా ఆయన నావైపు చూడకుండా, "ఇంట్లో ఎవురంటే ఏందిలేమ్మా, అన్నీ మన మాటలే గదా" అన్నాడు.

"అంతే గదా మరి. మొగుడి పేరొస్తే పెళ్ళానికొచ్చినట్టు కాదా?" అన్నారు అత్తగారు.

ఆయనకది నచ్చింది. నవ్వాడు. ఆ తర్వాత ఎంతో ఆపేక్షగా, "కాస్త టీ పెడతావా రేవతీ?" అన్నాడు.

పెట్టాను. పొయ్యి దగ్గర నిలబడి ఆలోచించాను. మన మాటలు. బాగానే ఉంది. మన గిన్నెలు అని ఈయన ఎప్పుడూ అనలేదు. మన మాసిన బట్టలు, మన పెరట్లో చేప పొలుసు, మన అత్తగారి మోకాళ్ళ తైలం... ఇవేవీ "మన" కాలేదు ఇన్నేళ్ళూ. గుక్కెడు మెచ్చుకోలు దొరికే సరుకు ఒక్కటి మాత్రం ఎంత చప్పున ఉమ్మడిదైపోయింది! పోట్లాడొచ్చు. పోట్లాడితే ఆ పోట్లాట కూడా వచ్చే సోమవారం ఎనిమిదింటికి టీవీలో వస్తుంది, అందులో నేనన్న మంచి ముక్కలన్నీ మళ్ళీ ఆ టీవీ మొగుడే అంటాడు. టీ పొంగొచ్చింది. పొంగనీయకుండా దించేశాను. నేను పాలు కూడా పొంగించే మనిషిని కాదు.

అప్పుడే నిర్ణయించుకున్నాను. సరఫరా ఆపేయాలి.

ఎవరికీ చెప్పలేదు. వంట మానలేదు, మొహం మాడ్చలేదు. ఇంకా బాగా వండాను. నవ్వొచ్చే మాట ఒక్కటి కూడా నోటి గుమ్మం దాటనీయలేదు, అంతే. ఏమడిగినా "సరే", "అట్టాగే", "ఇంకొంచెం వడ్డించనా?" టీవీలో కోడలికంటే మర్యాదగా తయారయ్యాను.

ఇది ఉపవాసం కంటే కష్టమని ముందు తెలిస్తే మొదలుపెట్టేదాన్ని కాదేమో. ఒక సాయంత్రం అత్తగారు తన కళ్ళజోడు పోయిందని ప్రార్థనలో ప్రత్యేకంగా విన్నవించుకుని, ఆమెన్ అని లేచేసరికి అది ఆమె కిందే ఉంది. నా కడుపులో ఒక వాక్యం పుట్టింది, పెరిగింది, పెళ్ళీడుకొచ్చింది. నేను పైట చెంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయాను. ఆ వాక్యం కన్నెగానే ముసలిదైపోయింది.

వారం తిరిగేసరికి ఇల్లు ఉప్పు లేని పప్పులా తయారైంది. కారణం ఎవరికీ తెలియలేదు. అత్తగారు నా నుదురు పట్టుకుని చూశారు. "ఒళ్ళు బాలేదామ్మే? బొట్టు పెద్దగా పెట్టుకున్నా నేనేం అనలేదే" అన్నారు. ఆ మాటకు జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. "బాగానే ఉన్నానత్తమ్మా" అన్నాను. కొట్టులో మా ఆయన సొంతంగా ఒక జోకు ప్రయత్నించాడట. "రొయ్య తల్లి నవ్వింది" అని మొదలుపెట్టాడట. ఎందుకు నవ్విందో చెప్పేలోపు రైతులు లేచి వెళ్ళిపోయారట. హజరత్తయ్యే చెప్పాడు. "మీ ఆయనకేందమ్మా, దిష్టి గాని తగిలిందా?" అని జాలిపడ్డాడు.

ఆ తర్వాత ఫ్రెడ్డీ నాకే ఫోన్ చేశాడు. "వదినా, అందరూ బాగున్నారా? అన్నేంది మూగోడైపోయినాడు. విశేషాలడిగితే వాన పడిందంటాడు."

"పడింది నాయనా, గట్టిగానే పడింది" అన్నాను.

ఇక సీరియల్‌లో కోడలు రోజుకొకసారి అరటితొక్క మీద కాలుజారి పడడం మొదలైంది. తర్వాత టైలరు సాయిబుగారికి కవల తమ్ముడు వచ్చాడు. ఆ తర్వాత మేడ మీద దెయ్యం. మూడో నెల చూడకుండానే ఆపేశారు. ఎనిమిదింటికి టీవీ పెడితే ఎవరో జాతకాలు చెబుతున్నారు. అత్తగారు ఆ జాతకాలాయన వైపు ఆప్తులు పోయినట్టు చూసి, టీవీ కట్టేసి, బైబిలు తెరిచారు. ప్రార్థన తన వేళకు తాను తిరిగొచ్చింది.

నేను గెలిచానా? గెలిచినట్టు అనిపించలేదు. ఫ్రెడ్డీ నేను ఈ ఇంటికొచ్చేటప్పటికి నిక్కర్ల పిల్లాడు. నా చేతి అన్నం తిని పెరిగాడు. వాడి పొట్ట కొట్టడం నా ఉద్దేశం కాదు. మరి నా మాట నాదనిపించుకోవాలంటే ఇంకో దారేదీ కనబడలేదు.

పదిరోజులకు వాడు సంచీ తగిలించుకుని వచ్చాడు. చిక్కిపోయాడు. హాల్లో అన్నకు ఎదురుగా కూర్చోలేక, వంటింట్లోకొచ్చి, జీవితంలో మొదటిసారి పీట వాల్చుకుని నాకు ఎదురుగా కూర్చున్నాడు. నిన్నటి పులుసు వేసి అన్నం పెట్టాను. అత్తగారు గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

"మొదటి రెండు వారాలు బాగా చూసినారు వదినా. తర్వాత సరుకు లేదు. ఇంకోటి, మొదట్నుంచీ డైరెక్టరు అంటానే ఉన్నాడు. 'మాట బాగుంది ఫ్రెడ్డీ, కానీ ఏదో తగ్గింది, సగం చెప్పి ఆపినట్టుంది' అని. ఆ రెండు క్యాలెండర్ల మాట చూడు. పండగలు రెట్టింపు, సరే. అయితే ఏంది?"

నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను. చెప్పకూడదని అన్నాళ్ళు బిగబట్టిన నోరు, చెప్పాల్సి వచ్చేసరికి తెరుచుకోలేదు.

"చేసుకునేది అందరం, చేసేది నేనొక్కదాన్నే," అన్నారు మా అత్తగారు, చిక్కుడుకాయ మీంచి తల ఎత్తకుండా.

ఫ్రెడ్డీ ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అమ్మా! ఇది అన్న చెప్పలేదే!"

"ఎందుకు చెప్తాడు? ఆ మాట వాడిదయితే గదా. అన్నీ దీనివేరా. కొట్టులో చెప్పినవీ, నీ టీవీలో వచ్చినవీ. ఆ ముక్క అన్నరోజు నాకు రోషమొచ్చింది. నన్నే అంటా ఉందనుకున్నా. రాత్రి పండుకుని తల్చుకుంటే, నేను ఈ ఇంటికొచ్చినప్పుడు క్యాలెండరు ఒకటే. అప్పుడు కూడా చేసేది నేనొక్కదాన్నే."

"తెలిసి కూడా, టీవీలో పులుసు మాటొచ్చిన రోజు, మొగుడి పేరొస్తే చాలని ఎందుకన్నారత్తమ్మా?" నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

ఆమె ఇంకో కాయకు ఈనె తీసి చాటలో వేశారు. "కొడుకు పేరు టీవీలో పడితే తల్లికి కళ్ళు కనబడవు. ఆ జోడు పెట్టుకున్నా కనబడవు."

మా ఆయన ఎప్పుడొచ్చాడో, అత్తగారి వెనక నిలబడి ఉన్నాడు. ఫ్రెడ్డీ తలెత్తి, "నీవే అనుకున్నా అన్నా అవి" అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, ఆశ్చర్యమే ఉంది. మా ఆయనకు అది ఇంకా గట్టిగా తగిలినట్టుంది.

"నాయి అని నేను అన్లా. ఎవురూ అడగలా, నేను చెప్పలా" అన్నాడు మా ఆయన.

"అడగలేదని ఊరకుండేది అబద్ధం కాదంట్రా? ఇదేనా సండే స్కూల్లో నీకు నేర్పిచ్చింది?" అన్నారు అత్తగారు. సండే స్కూల్లో నేర్పింది ఆమే.

ఫ్రెడ్డీ నావైపు తిరిగాడు. ఎవరో చిన్న చిన్న హాస్య కథలు చేస్తున్నారట, ఫోన్లో చూసుకునేవి. "నువ్వు రాయి వదినా. నీ పేరుతోనే. ఈసారి రెండు సగాలూ."

కడుపులో కన్నెగా ముసలైన వాక్యాలన్నీ ఒక్కసారి లేచి కూర్చున్నాయి. అయినా ఆపాను. "రాస్తా ఫ్రెడ్డీ. కానీ ఇప్పుడు రాస్తే విడవలూరులో ఏమంటారో తెలుసునా? మొగుడి మాటలు పెళ్ళాం ఎత్తుకుని రాసిందంటారు. హజరత్తయ్యే అంటాడు ముందు. అవి ఎవరివో ఊరికి తెలిసినాకే రాస్తా. లేకపోతే లేదు."

మా ఆయన చేతులు నలుపుకున్నాడు. "అట్టయితే ఏం చెయ్యమంటావు? ఇంటింటికీ తిరిగి చెప్పమంటావా?"

"ఎందుకురా అంత తిరుగుడు," అన్నారు అత్తగారు, చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి. "శుక్రవారం ప్రార్థన కూడిక మనింట్లోనే గదా."

శుక్రవారం సాయంత్రం కూడిక అంటే పాటలు, వాక్యం, సాక్ష్యాలు, ప్రార్థన, చివర్న టీ, గుగ్గిళ్ళు. సాక్ష్యానికి ఒక వరస ఉంటుంది. లేచి అందరికీ వందనాలు చెప్పాలి, వచ్చిన కష్టం చెప్పాలి, ప్రార్థన చేశానని చెప్పాలి, చివర్న జరిగిన మేలు చెప్పి కూర్చోవాలి. ఇన్నేళ్ళుగా వంటింటి గుమ్మంలోంచి ఎన్ని విన్నానో! కోళ్ళకు తెగులు తగ్గింది, కొడుక్కి ఉద్యోగమొచ్చింది, గుంటలో రొయ్య నిలబడింది. ఎవరూ ఎప్పుడూ లేచి, ఫలానా తప్పు చేశానని చెప్పగా వినలేదు. మేలు దేవుడు చేస్తాడు, తప్పు పక్కింటివాళ్ళు చేస్తారు.

హాలు నిండింది. కొట్టు బల్ల మీద కూర్చునేవాళ్ళు సగం మంది అందులో ఉన్నారు. గుగ్గిళ్ళ మీద భక్తితో ప్రతి కూడికకూ వచ్చే హజరత్తయ్య వరండాలో గోడకానుకుని కూర్చున్నాడు. సాక్ష్యాలు అయిపోతున్నాయి. మా ఆయన చాప అంచు పీకుతూ, తల దించుకునే ఉన్నాడు. పాస్టరు కృపాదానం గారు "ఇంకెవరైనా ఉన్నారా?" అన్నారు. ఎవరూ లేవలేదు. "అయితే ప్రార్థనలోకి వెళ్దాం" అని కళ్ళు మూసుకున్నారు. గోడ మీద రెండు క్యాలెండర్లూ ఫ్యాను గాలికి ఒకదానికొకటి తగులుతున్నాయి. అయిపోయిందనుకున్నాను. టీ గ్లాసుల పళ్ళెం అందుకోబోయాను.

అత్తగారు దగ్గారు. గొంతులో ఏమీ అడ్డంపడని దగ్గు అది.

పళ్ళెం నా చేతిలోంచి ఫ్రెడ్డీ తీసుకున్నాడు. "నువ్వు పోయి కూచో వదినా" అన్నాడు. అత్తగారు తన పక్కన చాప మీద చోటు తట్టి చూపించారు. ఆ హాల్లో, కూడిక జరుగుతుండగా, నేను కూర్చోవడం అదే మొదలు. కూర్చున్నాక గానీ కాళ్ళు ఎంత లాగుతున్నాయో తెలియలేదు.

మా ఆయన లేచాడు. పాస్టరుగారు కళ్ళు తెరిచారు. నలభై మొహాలు ఆయన వైపు తిరిగాయి. జోకు వస్తుందని కొట్టు రైతులు అప్పుడే నవ్వడానికి సిద్ధపడ్డారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నావైపు ఒకసారి చూశాడు. వందనాలు చెప్పడం మరిచిపోయాడు. కష్టం చెప్పలేదు, ప్రార్థన చేశాననీ చెప్పలేదు. ఎప్పటిలాగే, చివర్న చెప్పాల్సింది మొదటే చెప్పేశాడు. ఈసారి నాకు సరిదిద్దాలనిపించలేదు.

"తప్పు నాది," అన్నాడు. "ఆ మాటలన్నీ రేవతివి."